కర్రపెండలపు దుంపలకు తోలుదీయు యంత్రములు

కర్రపెండలము వేసిన రైతు ఎనిమిది మొదలు పది నెలలవరకు పైరును కాచుకొని యుండును. దుంప త్రవ్విన పిమ్మట వానికి మిగులు గడువు మాత్రము రెండు మూడు దినములే. వరి, జొన్న, కంది మొదలగు వానిని గాదెలో పోసి ధర వచ్చువరకు నిలుపుకొనవచ్చును. బంగాళాదుంపను చల్లనిచోట కొన్ని నెలలు దాచవచ్చును. కర్రపెండలము అట్లు నిలువదు. త్రవ్వునప్పుడు తగిలిన గాయములకు గాలి సోకినంతనే దుంపలోపల ఒక మార్పు ఆరంభమగును. రెండవనాడో మూడవనాడో అడ్డముగా కోసి చూచినచో కండలో నీలి నలుపు చారలు కనబడును. ఇది మొదట కుళ్లు కాదు, పురుగు కాదు. గాయపడిన దుంప తన స్వభావముచేతనే చెడుట. బూజును కుళ్లును ఆ తరువాతనే ప్రవేశించును.

ఈ సంగతి రైతుకంటె కొనువానికి బాగుగా తెలియును. దుంపల బండి కార్ఖానా వాకిట నిలిచినకొలది బేరము రైతు చేయి దాటిపోవును. సరకును వెనుకకు తోలుకొనిపోవుటకు వానికి వీలులేదు. అదే దుంపను తోలుదీసి, ముక్కలుగా తరిగి, బాగుగా ఎండబెట్టినచో ఆ ఎండుముక్కలు గోనెలలో నెలల తరబడి నిలుచును. అప్పుడు ధర వచ్చినప్పుడే అమ్ముట రైతు వశములో నుండును. తరుగుటకు చేతితో త్రిప్పు యంత్రములు గలవు. ఆరబెట్టుటకు కళ్లము గలదు, ఎండ గలదు. అడ్డుపడునది తోలుదీయుట యొక్కటియే. ఒక ఎకరపు దుంపను రెండు దినములలో చాకులతో ఒలిపింపవలెనన్న ఊరిలోని కూలీలందరు చాలరు. అందువలననే ఈ పనికి యంత్రము కావలెనని పలుదేశములవారు యత్నించుచున్నారు. ఆ యత్నములలో ఏది పనికివచ్చును, ఏది పనికిరాదు, గ్రామములోని కమ్మరి, వడ్రంగి సాయముతో రైతు దేనిని చేయించుకొనవచ్చును అను విషయము లిందు వివరింపబడినవి.

ఈ పైరు మన దేశమునకు వచ్చిన విధము

కర్రపెండలమునకు పుట్టినిల్లు దక్షిణామెరికా. పోర్చుగీసువారు దానిని మలబారు తీరమునకు తెచ్చిరి. తిరువాన్కూరు సంస్థానమును 1880 మొదలు 1885 వరకు ఏలిన విశాఖం తిరునాళ్ మహారాజు దాని సాగును ప్రజలలో వ్యాపింపజేసెను. రెండవ ప్రపంచయుద్ధములో బర్మా బియ్యము రాక నిలిచిపోయినప్పుడు ఆ సంస్థానమునందు లెక్కలేనన్ని కుటుంబములను నిలిపినది ఈ దుంపయే. మలయా దేశపు సగ్గుబియ్యము రాక పోయినందున సేలము ప్రాంతమున సగ్గుబియ్యపు కార్ఖానాలు పెరిగినదియు ఆ కాలముననే. తెలుగుదేశమున పెద్దాపురము, జగ్గంపేట, గండేపల్లి, రంగంపేట ప్రాంతములలోని మెట్టభూములందు రైతులు దీనిని వర్షాధారముగా పండించుచున్నారు. సామర్లకోట, పెద్దాపురముల చుట్టుపట్లనున్న కార్ఖానాలు కొనుచున్నవి. దుంపపైరుల పరిశోధనకై తిరువనంతపురము చెంత శ్రీకార్యమున 1963లో కేంద్రసంస్థ యొకటి స్థాపింపబడెను.

తోలు స్వభావము

యంత్రమును గురించి యోచించుటకు ముందు తోలును తెలిసికొనవలెను. కర్రపెండలపు దుంపకు రెండు పొరలు గలవు. పైది గోధుమవన్నె గల పలుచని బెరడు. కాగితమువలె నుండి గోటితో గీరినను ఊడును. దానిక్రింద తెల్లగానో గులాబివన్నెగానో ఉండు లోతోలు; ఇది దళసరియైనది. రెండును కలిసి, జాతిని దుంప లావును బట్టి, ఒకటి మొదలు నాలుగు మిల్లీమీటర్ల మందముండును. దుంప బరువులో నూటికి పది మొదలు ఇరువది పాళ్లు తోలుక్రిందనే పోవును. తోలునకును కండకును నడుమ మెత్తని సన్నపొర యొకటి గలదు. దుంప పచ్చిగా నున్నంతవరకు ఈ పొరయొద్ద తోలు సులభముగా విడివడును. దుంప వాడినకొలది తోలు కండను గట్టిగా పట్టుకొనును. త్రవ్విన దినముననే తోలుదీయవలెననుటకు ఇది యొక కారణము.

ఇంకొక కారణము విషము. ఈ మొక్కయందు లినమరిన్ అను పదార్థము గలదు. దుంప నలిగినప్పుడు దానిలోనే యుండు వేరొక పదార్థము లినమరినును విడగొట్టగా హైడ్రోసయనిక్ ఆమ్లము పుట్టును. తీపిజాతులలో ఇది కండయందు స్వల్పముగాను తోలునందు పలురెట్లు అధికముగాను ఉండును. చేదుజాతులలో కండయందును ఎక్కువగానే యుండును. కావున తినుటకు ఉద్దేశించిన ముక్కలపై లోతోలు మిగులరాదు. పిండి తీయుటకు మాత్రము పోవు దుంప విషయము వేరు. లోతోలునందును కొంత పిండి గలదు. విదేశములలోని పెద్ద పిండి కార్ఖానాలలో పైబెరడు మాత్రమే రాల్చి లోతోలుతో గూడ తురుముదురు. కడుగుడులో విషము నీటితో పోవును. మన సగ్గుబియ్యపు కార్ఖానాలకు తెలుపు ముఖ్యము గనుక వారు పూర్తిగా ఒలిచిన దుంపనే కోరుదురు. తోలు ఎంత లోతుగా తీయవలెనో ముందు నిర్ణయించుకొనక యంత్రమును కొనుట, కాలు కొలువక చెప్పులు కొనుటవంటిది.

చేయి చేయు పని, యంత్రము చేయు పని

నేర్పుగల స్త్రీ కర్రపెండలమును ఒలుచు విధమును ఒకసారి నిదానించి చూడవలెను. ఆమె తోలును చెక్కదు. దుంప పొడవునను చాకుతో ఒక గాటు పెట్టి, ఆ గాటులో చాకు మొన దూర్చి, బొటనవ్రేలితో త్రోయుచు తోలును చుట్టగా ఒలిచివేయును. కండకు దెబ్బ తగులదు. రెండు పొరలును ఒక్కసారియే ఊడివచ్చును. పైన చెప్పిన మెత్తని పొర ఎక్కడ నున్నదో ఆమె చేతికి తెలియును.

యంత్రములలో హెచ్చుపాలు ఇట్లు చేయవు. అవి తోలును పైనుండి అరగదీయును, లేదా చెక్కివేయును. దుంప గుండ్రని కంబమువలె నుండినచో ఇందు చిక్కులేదు. కాని కర్రపెండలము ఒకకొన లావు, ఒకకొన సన్నము. నడుమ వంకరలు, నొక్కులు, గంట్లు. అరగదీయు యంత్రము ఉబ్బుమీద కండను తినుచుండగా నొక్కులోని తోలు అట్లే నిలిచియుండును. నొక్కును శుభ్రపరచువరకు త్రిప్పినచో ఉబ్బులు సగమరిగిపోవును. తోలుదీయు యంత్రమును నిర్మింపబూనిన వారందరు చిక్కుకొన్నది ఈ ఒక్క ముడియందే.

ప్రపంచమున అన్ని దేశములకంటె ఎక్కువ కర్రపెండలము పండించు నైజీరియాలో ఈ పని చాలవరకు స్త్రీలచేతి చాకులతోనే జరుగుచున్నది. అచ్చట 1976లో ఒడిగ్బో అను ఇంజనీరు ప్రకటించిన యంత్రమునందు కత్తులు బిగించిన రోలరొకటియు, దానికి ప్రక్కగా మరియొక రోలరును వాలుగా అమర్చబడెను. పొట్టిగా కోసిన దుంపముక్కలు ఆ రెంటి నడుమ దొర్లుచు క్రిందికి జారును; జారునప్పుడు కత్తులు తోలును చెక్కును. తరువాత వచ్చినవారు స్ప్రింగులపై నిలిచిన కత్తులను, తీగె బ్రష్షులను, గరుకు రాతి రోలర్లను ఉపయోగించి చూచిరి. స్ప్రింగు కత్తి దుంప ఎగుడుదిగుడులను కొంతవరకు అనుసరించును. అయినను లావైన దుంపకు సరిపెట్టిన యంత్రము సన్నదానిని వదలును, సన్నదానికి సరిపెట్టినది లావుదానిని తినివేయును.

బంగాళాదుంపల కార్ఖానాలలో ఆవిరితోను కాస్టిక్ సోడాతోను తోలు ఊడ్చుదురు గదా, ఇచ్చట అట్లేల చేయరాదని కొందరు అడుగవచ్చును. కర్రపెండలపు పిండి సుమారు 60 మొదలు 70 డిగ్రీల సెంటీగ్రేడు వేడికి గంజియగును. తోలు మందముగా నున్నందున దానిని విడదీయునంత వేడి పెట్టులోపల క్రిందికండ ఉడికి జిగటపడును. అట్టి దుంప సగ్గుబియ్యమునకు పనికిరాదు, ముక్కలుగా తరిగినను సరిగా ఎండదు. సోడాతో చేసినచో చెడునీటిని వదలుటకు చోటు కావలెను. రైతు కళ్లమున ఈ రెండును పొసగవు.

రైతునకు అందుబాటులో నున్నది పీపా

పసుపు పండించు రైతులకు ఈ యంత్రము క్రొత్తది కాదు. నిజామాబాదు, దుగ్గిరాల ప్రాంతములలో ఉడికించి ఎండబెట్టిన పసుపుకొమ్ములను పీపాలో పోసి త్రిప్పి మెరుగుపెట్టుదురు. కొమ్ములు ఒకదానితో నొకటియు, పీపా జల్లెడ గోడతోను ఒరసికొని పైపొర రాలిపోవును. కర్రపెండలపు పీపాయు ఆ జాతిదే. భేదములు రెండు మాత్రమే: ఇచ్చట దుంప పచ్చిది, బరువైనది; మరియు నీరు పోయవలెను.

పీపా గోడను మందమైన రేకుతో చేయింపవలెను. రేకుకు లోపలివైపునకు అంచులు లేచునట్లు బెజ్జములు పొడిపింపవలెను. వంటయింటి తురుముపీట రేకు ఎట్లుండునో అట్లు. అంచులు ఎత్తుగా, పదునుగా నుండిన కండను చీల్చును; మొద్దుగా, పొట్టిగా నుండిన తోలును మాత్రమే గీరును. బెజ్జములగుండ తోలు పొడియు నీరును క్రిందికి రాలవలెను గనుక అవి మూసికొనిపోవునంత సన్నముగా నుండరాదు. రేకునకు బదులుగా సాగదీసిన వలరేకును గూడ వాడవచ్చును. కార్బొరండపు పొడిని లోపల పూసినచో తోలు సమముగా అరుగునుగాని, పూత ఊడి ముక్కలలో కలిసినచో మిల్లువాడు సరకునే త్రోసిపుచ్చును. తుప్పుపట్టని ఉక్కు అనగా స్టెయిన్‌లెస్ స్టీలు రేకు ఖరీదెక్కువయైనను కొనదగినది. ఈ దుంపరసము సాధారణపు ఇనుముతో కలిసినచో నీలిఛాయ పుట్టి పిండి తెలుపు చెడును. రేకు సాధారణపుదైనచో పని ముగిసిన వెంటనే కడిగి, తుడిచి, ఆరబెట్టి, మరునాడు మొదటి వాయికి ముందు మరల కడుగవలెను.

పీపా ఎంత వేగముగ తిరుగవలెనన్నది అన్నిటికంటె ముఖ్యము. కమ్మరులు తరచుగా తప్పునది ఇచ్చటనే. వేగము హెచ్చినచో పని త్వరగా జరుగుననుకొందురు. పీపా ఒక హద్దును మించి తిరిగినచో దుంపలు గోడకంటుకొని గోడతోపాటు తిరుగును. అప్పుడు ఒరపిడి యుండదు, తోలు రాలదు. ఆ హద్దును లెక్కకట్టుట సులభము. పీపా అడ్డుకొలతను అడుగులలో తీసికొని, దాని వర్గమూలముతో 76.6ను భాగించినచో నిముసమునకు ఎన్ని చుట్లు హద్దో తెలియును. రెండడుగుల పీపాకు సుమారు 54 చుట్లు, మూడడుగుల దానికి 44, నాలుగడుగుల దానికి 38 వచ్చును. ఈ హద్దులో మూడింట రెండు పాళ్ల వేగము మేలు. అనగా రెండడుగుల పీపా నిముసమునకు 36 చుట్లు, మూడడుగులది 29 లేక 30 చుట్లు తిరుగవలెను. ఈ వేగమున దుంపలు గోడవెంట కొంత ఎత్తువరకు లేచి, ఒకదానిపై నొకటి దొర్లుచు దిగును. అంతకంటె మెల్లగా తిరిగినచో దుంపలు మొత్తముగా అడుగున జారుచుండునేగాని తిరుగబడవు. అట్లు జారకుండుటకై పీపాలోపల పొడవునను అంగుళము ఎత్తుగల కమ్ములు మూడు నాలుగు బిగించిన చాలును. కమ్ములు ఎత్తైనచో దుంపలను పైకి మోసికొనిపోయి క్రిందపడవేయును, దుంపలు విరుగును.

రెండడుగుల అడ్డుకొలతయు మూడడుగుల పొడవును గల చిన్నపీపాకు రెండు కొసలను పిడులు పెట్టి ఇరువురు మనుష్యులు చేతితోనే త్రిప్పవచ్చును. అట్లయినచో ఒక్కొక్క వాయికి 15 కిలోలకు మించి వేయరాదు. మూడడుగుల అడ్డుకొలత, నాలుగడుగుల పొడవు గల పీపాలో 100 కిలోలు వేయవచ్చును. దానికి రెండు అశ్వశక్తుల మోటారు చాలును. మోటారు నిముసమునకు 1440 చుట్లు తిరుగునదైనచో దానిని 30 చుట్లకు దింపవలెను, అనగా 48 రెట్లు. ఒక్క పట్టాతో ఇది సాధ్యము కాదు. మూడంగుళముల కప్పీనుండి పదునెనిమిదంగుళముల కప్పీకి పట్టా వేసినచో ఆరు రెట్లు తగ్గి 240 చుట్లగును. అచ్చటినుండి ఎనిమిది రెట్లు తగ్గించు గేరుపెట్టె యొకటి పెట్టినచో 30 చుట్లు వచ్చును. పట్టాకును కప్పీలకును జల్లెడ తొడుగు తప్పక వేయింపవలెను. తడినేలపై పనిచేయు స్త్రీల చీరకొంగు పట్టాలో చిక్కుట మాటలతో తీరు నష్టము కాదు. మోటారుకు ఎర్తు తీగె లేకుండ తడిచోట నడుపుట అంతకంటెను ప్రమాదకరము.

పీపాకు నడుమ ఇరుసు ఉండనక్కరలేదు. ఇరుసుచోట బెజ్జములుగల గొట్టమును పెట్టి దానిగుండ నీరు చిమ్మునట్లు చేసినచో మేలు. నీరు తోలుపొడిని కడిగివేయుచుండును. లేనిచో ఆ పొడి జిగురై బెజ్జములను మూయును, అప్పుడు గోడ నునుపై పని నిలిచిపోవును. నీరు కొరతగానున్న మెట్టగ్రామములలో క్రింద తొట్టి యమర్చి, నీటిని తేర్చి రెండు మూడు వాయిలకు వాడుకొనవచ్చును. ఆ తొట్టియడుగున పేరు మడ్డిలో కొంత పిండి యుండును. అది తెల్లగా నుండదుగాని జిగురునకు పనికివచ్చును.

దుంపలను సిద్ధపరచుట

మంచి పీపాయైనను కలగాపులగపు దుంపలను సరిగా ఒలువలేదు. లావుదుంపలను సన్నపు దుంపలను వేరుచేసి వేర్వేరు వాయిలుగా వేయవలెను. కాడయొద్దనుండు పీచుకొనను, వేరుతోకను ముందుగా కోసివేయవలెను. పొడవైన దుంపలను సుమారు ఆరంగుళముల ముక్కలుగా కోయవలెను. వంకర ఎచ్చట నున్నదో అచ్చటనే కోసినచో వంకరదుంప రెండు తిన్నని ముక్కలగును. ఇది చిన్న ఉపాయమేయైనను నొక్కులలో మిగులు తోలును చాలవరకు తగ్గించును.

ఈ పని పొలముననే ఆరంభమగునని చెప్పవచ్చును. రాళ్లుగల నేలలోను, గట్టినేలలోను దుంప వంకరలు తిరుగును. లోతుగా దున్ని కట్టలుకట్టి నాటినచో దుంపలు తిన్నగా పెరుగును. యంత్రముతో ఒలువదలచిన రైతు దిగుబడి నొక్కటియే చూడక, పొట్టికాడ, సమమైన లావు, తిన్నని ఆకారము గల దుంపలనిచ్చు జాతిని ఎన్నుకొనవలెను. త్రవ్వుటకు రెండు మూడు వారములకు ముందు మొక్క తలలు నరికినచో దుంప చెడుట కొంత ఆలస్యమగును. అయితే పిండిపాలు కొంచెము తగ్గవచ్చును గనుక గడువు అవసరమైనవారే ఇట్లు చేయవలెను.

యంత్రమును త్రాసుతో పరీక్షించుట

అమ్మువాడు యంత్రమును గూర్చి గంటకు ఇన్ని కిలోలు ఒలుచునని చెప్పును. అది అడుగవలసిన ప్రశ్నలలో చివరిది. ఒలిచిన తరువాత కండ ఎంత మిగిలినది, తోలు ఎంత మిగిలినది అనునవి మొదటివి. వీనిని తెలిసికొనుటకు త్రాసు చాలును.

ఒకే మడినుండి ఒకే విధమైన దుంపలను 20 కిలోలు తీసికొని రెండు సమభాగములు చేయవలెను. మొదటి 10 కిలోలను నేర్పరిచేత జాగ్రత్తగా చాకుతో ఒలిపించి తూచవలెను. కండ 8.4 కిలోలు, తోలు 1.6 కిలోలు వచ్చినవనుకొందము. రెండవ 10 కిలోలను యంత్రములో వేసి తీసి, మిగిలియున్న తోలును చాకుతో తీయించి, ఆ తోలును వేరుగాను, శుభ్రమైన కండను వేరుగాను తూచవలెను. యంత్రము విడిచిన తోలు 0.3 కిలో, కండ 7.6 కిలోలు వచ్చినవనుకొందము. అప్పుడు యంత్రము తీసిన తోలు 1.3 కిలోలు; అనగా ఉన్నదానిలో నూటికి 81 పాళ్లు. పోగొట్టిన కండ 8.4లో 0.8 కిలో, అనగా నూటికి తొమ్మిదిన్నర పాళ్లు.

ఈ తొమ్మిదిన్నర పాళ్లు చిన్నవిగా తోచవచ్చును. ఎకరమునకు 8 టన్నుల దుంప దిగినదనుకొన్నచో దానిలో కండ 6,720 కిలోలు. అందు సుమారు 640 కిలోలు తోలుపొడితో కలిసి కాలువపాలగును. ఆ కండ ఎండినచో 280 కిలోల ఎండుముక్కలై యుండును. వాని వెలను ఒకప్రక్కను, మిగులు కూలిని ఒకప్రక్కను వ్రాసి చూచిననేగాని యంత్రము లాభమో నష్టమో తేలదు. ఈ లెక్క వేయక కొనినవారు ఒక పంటకాలము గడచిన పిమ్మట యంత్రమును పాకలో మూలకు నెట్టుట కలదు.

ఇదే పరీక్షను మూడు నిముసములకు, ఆరు నిముసములకు, తొమ్మిది నిముసములకు వేర్వేరుగా చేసినచో మరియొక సంగతి బోధపడును. మొదటి నిముసములలో రాలునది చాలవరకు తోలు. చివరి నిముసములలో రాలునది చాలవరకు కండ. అందుచేత దుంప పాలవలె తెల్లనగువరకు పీపాను త్రిప్పుట తెలివితక్కువ పని. తోలులో నూటికి 80 పాళ్లు పోయినంతనే పీపాను ఆపి, నొక్కులలోని శేషమును చాకులతో తీయించుటయే లాభకరము. ఈ విధమున యంత్రమువలన స్త్రీల కూలి పూర్తిగా పోదు, పని మారును. మొత్తము దుంపను ఒలుచుటకు బదులు మిగిలిన మచ్చలను తీయుదురు. ఒలిచిన దుంప బరువునుబట్టి కూలి యిచ్చు ఆచారమున్నచోట యంత్రము వచ్చిన తరువాతగూడ పాతరేటునే ఇత్తుననుటయు, సగము తగ్గింతుననుటయు రెండును తగవులకు మూలము. ఒకపూట పని చేయించి చూచి, ఆ పూట ఎంత సాగినదో దానినిబట్టి రేటును ముందుగా మాటలాడుకొనుట మంచిది.

త్రవ్వకమును పీపాకు సరిపెట్టుట

నూరు కిలోల పీపా వాయి నింపుటకు, త్రిప్పుటకు, దింపుటకు కలిపి పావుగంట పట్టునని లెక్కించినచో గంటకు 400 కిలోలు, ఎనిమిది గంటల దినమునకు 3,200 కిలోలు సాగును. 8 టన్నుల ఎకరమునకు రెండున్నర దినములు కావలెను. చాలమంది రైతులు కూలీలు దొరికినారు గదా అని ఎకరమంతయు ఒక్కదినమున త్రవ్వింతురు. మూడవనాటి దుంప నలుపెక్కిన తరువాత పీపాచేరును. యంత్రమున్న రైతు అట్లు చేయరాదు. ఉదయము త్రవ్వినది సాయంకాలములోగా ఒలువబడునట్లు త్రవ్వకమును అదుపులో నుంచవలెను. భూమిలోనున్న దుంప చెడదు. కర్రపెండలమునకు భూమియే గాదె. నేల అతిగా గట్టిపడకమునుపే త్రవ్వుట ముగింపవలెనన్న నియమమొక్కటి తప్ప తొందరకు కారణము లేదు.

ఒలిచిన దుంపను రాత్రి గుట్టగా పోయరాదు. ఆనాడే తరిగి పరచలేనిచో నీటితొట్టిలో మునుగునట్లు ఉంచి మరునాటి ప్రాతఃకాలముననే తరుగవలెను. మబ్బుదినములలో ఒలుచుట అసలే కూడదు. తరిగిన ముక్కలు ఎండక బూజుపట్టును.

చిన్నకమతముల రైతులు ఒక్కొక్కరు ఒక్కొక్క పీపాను కొనుటకంటె నలుగురైదుగురు కలిసి ఒకదానిని చేయించి, బండిపై ఎక్కించి కళ్లమునుండి కళ్లమునకు త్రిప్పుకొనుట మేలు. ఎవరి వంతు ఏ దినమో త్రవ్వకమునకు ముందే వ్రాసికొనవలెను. వంతు తప్పినవాని దుంప భూమిలోనే యుండవలెను, బయట కాదు.

తోలును ఏమి చేయవలెను

అల్లమును గీరువారు పైపొరను మాత్రము వెదురుబద్దతో గీరుదురు. తోలుక్రిందనే సువాసన నూనె యుండును గనుక చాకు పెట్టరు. ఆ పొట్టు ఎక్కడపడినను హానిలేదు. కర్రపెండలపు తోలు అట్టిది కాదు. దుంపలోని విషములో అధికభాగము దానియందే యున్నది. పీపాలో నలిగిన తోలులో అది అప్పుడప్పుడే విడుదలయగుచుండును. పీపాప్రక్క కుప్పగాపోసిన పచ్చితోలును మేకలు, దూడలు తినినచో చచ్చును. ఒలుచు కళ్లము చుట్టు కంపవేయించి పశువులను రానీయకుండవలెను. పీపానుండి పారు నీటిని పశువులు త్రాగు కుంటలోనికి విడువరాదు. వేరుగా గుంట త్రవ్వి అందులో ఇంకనీయవలెను. పీపాను మూసిన గదిలో గాక గాలియాడు పాకలో పెట్టవలెను.

తోలు వృథావస్తువు కాదు. దానిని పలుచగా పరచి, పెళుసుగా విరుగువరకు కొన్నిదినములు ఎండలో తిరుగవేయుచు ఎండబెట్టినచో విషములో చాలభాగము పోవును. ఎండిన తోలును మొదట కొద్దికొద్దిగా, ఇతరమేతతో కలిపి పశువులకు పెట్టవచ్చును. ఎండకయే మెత్తగా నున్నదానిని మేపరాదు. వానపట్టి ఎండనిచో దానిని పేడతోను చెత్తతోను కలిపి ఎరువుగుంటలో వేసి, పైన మన్ను కప్పి, పశువులు గెలుకకుండునట్లు ముండ్లు వేయవలెను.